ముప్ఫై అయిదు నిమిషాల శోకం

"అక్కా, నువ్వింకా ఆ అరుపుల పాటలే వింటున్నావా? బీపీ పెరగదూ?" అంటుంది మా చెల్లెలు. పెరగదే తల్లీ, దిగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు గనక ఈసారి మీ అందరి ముందూ పంచాయితీ పెడుతున్నా. పొయ్యి మీద పాలుంటే దింపేసి రండి, ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవాల్సిన ముచ్చట.

నేను చెప్పబోయేది 'స్టేజ్ ఫోర్' అనే ఆల్బమ్ గురించి. చేసినవాళ్లు లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లు, బ్యాండ్ పేరు టుషే అమోరే. 2016 సెప్టెంబరులో ఎపిటాఫ్ రికార్డ్స్ వాళ్లు విడుదల చేశారు. వాళ్లకది నాలుగో ఆల్బమ్. గాయకుడి తల్లిని తీసుకుపోయింది కాన్సర్. ఇక ఆ పేరు ఎందుకు పెట్టారో విడమర్చి చెప్పక్కర్లేదు. మొదటి పాట నుంచి పదకొండో పాట దాకా ఆ కొడుకు గొంతు చించుకుని అమ్మ కోసం ఏడ్చాడు. మొత్తం ముప్ఫై అయిదు నిమిషాలు. తల్లి మీద వచ్చిన పాటలు నేను బోలెడు విన్నాను. మన సినిమాల్లోవీ విన్నాను, కళ్లనీళ్లూ పెట్టుకున్నాను. కానీ ఇంత నిజాయితీగా ఉన్నది ఇంకోటి తగల్లేదని ముందే చెప్పేస్తున్నా.

ఈ అరుపుల పాటల కోవని స్క్రీమో అంటారు, అదేమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1980ల మధ్యలో వాషింగ్టన్ డీసీలో హార్డ్‌కోర్ పంక్ వాయించే కుర్రాళ్లు కొందరికి, ఎంతసేపూ లోకాన్ని తిట్టడమేనా, మన గుండెలో ఉన్న బాధ మాటేమిటి అనిపించింది. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ లాంటి బ్యాండ్లు అక్కడ మొదలయ్యాయి. 1990లు వచ్చేసరికి శాన్ డియాగోలో గ్రావిటీ రికార్డ్స్ అనే చిన్న సంస్థ చుట్టూ చేరినవాళ్లు దాన్ని ఇంకా వేగంగా, ఇంకా చిందరవందరగా వాయించారు. నిమిషం రెండు నిమిషాల పాటలు, ఇళ్ల కింద బేస్‌మెంట్లలో కచేరీలు, గొంతు జీరపోయేదాకా అరుపులు. అటు జపాన్‌లో ఎన్వీ అనే బ్యాండ్ దీన్ని ఎక్కడికో తీసుకెళ్లింది, వాళ్ల గురించి ఇంకోసారి చెప్పుకుందాం. టుషే అమోరేని స్క్రీమో అనాలా, పోస్ట్-హార్డ్‌కోర్ అనాలా అని అభిమానులు జుట్లు పట్టుకుంటారు. ఆ తగువులో నేను దూరను. అరుస్తున్నాడు, ఏడుస్తున్నాడు, నాకది చాలు.

ఇక అసలు సంగతి. 2014 అక్టోబర్ 31, అమెరికాలో హాలోవీన్ రోజు. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో ఏటేటా 'ద ఫెస్ట్' అని పంక్ బ్యాండ్ల జాతర జరుగుతుంది. ఆ రాత్రి మన గాయకుడు జెరెమీ బోల్మ్ అక్కడ స్టేజీ మీద పాడుతున్నాడు. సరిగ్గా ఆ సమయంలోనే అవతల అమ్మ ప్రాణం పోయింది. ఆమెకి అరవై తొమ్మిదేళ్లు. పాట ముగించి, చప్పట్లు అందుకుని, కిందికి దిగాక ఫోన్‌లో తెలిసింది కొడుక్కి. ఆ ఫోన్ కాల్ మీదే ఆల్బమ్ మధ్యలో 'ఎయిట్ సెకండ్స్' అని ఒక చిన్న పాట ఉంది. అందులో ఉపమానాల్లేవు, ఆకాశంలో నక్షత్రమైపోయావమ్మా లాంటి మాటల్లేవు. ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, ఎవరు చెప్పారు, అంతే. పోలీసు స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చేవాళ్లకి కూడా ఇంత పొడిగా చెప్పడం చేతకాదు. అలా చెప్పాడు గనకే వినేవాళ్లకి కడుపులో దేవినట్టవుతుంది.

ఈ కథ మనకి కొత్తా చెప్పండి? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు ఆఫీసు మీటింగులో ఉంటాడు, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. బయటికొచ్చి చూస్తే ఇంటి నుంచి వరసగా మిస్డ్ కాల్స్. అప్పుడే సగం అర్థమైపోతుంది, తిరిగి చేయడానికి చెయ్యి రాదు. ఆదరాబాదరాగా టికెట్ దొరికించుకుని శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి కారులో ఊరు చేరేసరికి అమ్మ ఫ్రీజర్ బాక్సులో ఉంటుంది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా వాడు ఆ మీటింగులో ఏం మాట్లాడాడో వాడికి గుర్తుంటుంది. బోల్మ్‌ని తినేసింది కూడా అదే. అమ్మ పోయిందన్న దుఃఖం ఒక ఎత్తు, ఆ క్షణంలో తను సంతోషంగా ఉన్నాడన్న సంగతి ఒక ఎత్తు. అదీ ఎలాంటి సంతోషం? చిన్నప్పటి నుంచీ కలగన్న పని చేస్తూ, తనకి ఇష్టమైన జనం మధ్య. దాన్ని తప్పనీ అనలేడు, మర్చిపోనూ లేడు.

'మరి అంత బాధ ఉంటే మెల్లగా పాడొచ్చుగా, అరవడం దేనికి?' అని మా చెల్లెలి ప్రశ్న. ఇక్కడ మీకు మన పల్లెటూళ్ల చావు ఇళ్లని గుర్తు చేయాలి. పెద్దవాళ్లు శోకాలు పెట్టడం విన్నారు కదూ? పొరుగూరి నుంచి ఆడపడుచు వస్తుంది. వీధి మలుపులోనే గొంతెత్తుతుంది. ఉత్త ఏడుపు కాదు అది, రాగం ఉంటుంది, వరస ఉంటుంది, అన్నిటికీ మించి లెక్క ఉంటుంది. పోయినామె ఎవరికి పురుడు పోసిందో, ఎవరి పెళ్లికి నగ తాకట్టు పెట్టిందో, మొన్న పండక్కి రమ్మంటే తను రాలేకపోయిన సంగతీ, ఆఖరుసారి ఏం వండిపెట్టిందో అన్నీ ఆ గొంతులోంచి వరసగా వస్తాయి. చెప్పుకోలేని తప్పులు కూడా ఆ రాగం చాటున ఒప్పేసుకుంటారు. మామూలుగా మాట్లాడే గొంతుతో ఆ మాటలు రావు. 'స్టేజ్ ఫోర్' వింటుంటే నాకు అచ్చం అదే. గిటార్లూ డ్రమ్ములూ ఉన్నాయి, భాష ఇంగ్లీషు, పాడేది ఒంటి నిండా పచ్చబొట్లున్న ముప్ఫై ఏళ్ల కుర్రాడు. అయినా అది శోకాలు పెట్టడమే.

ఇప్పుడు మనకి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పక్క ఫ్లాటు వాళ్లకి ఇబ్బందని గొంతు మింగేస్తున్నాం. నలుగురిలో ఏడ్చేవాళ్లని చూసి 'కాస్త గట్టిగా ఉండాలమ్మా' అంటున్నాం. మగపిల్లలకైతే ఎప్పట్నుంచో ఆ హక్కే లేదు. తలకొరివి పెట్టేవాడు కన్నీళ్లు పెట్టుకోకూడదన్నట్టు చూస్తారు. అందుకే ఒక కొడుకు ఇంత పచ్చిగా ఏడవడం వింటే నాకు ఊపిరాడినట్టుంటుంది.

ఇంకో మాట. స్క్రీమో గాయకుల్లో చాలామంది ఏమంటున్నారో ఎదురుగా సాహిత్యం పెట్టుకున్నా పోల్చుకోలేం. బోల్మ్ అలా కాదు. ప్రతి మాటా విడివిడిగా, నొక్కి, పళ్లు బిగించి అంటాడు. ఇంగ్లీషు సినిమాలు అర్థమయ్యేవాళ్లకి ఇదీ అర్థమవుతుంది.

పాటల్లోకి వెళ్దాం. అన్నిటి గురించీ చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు.

'న్యూ హాలోవీన్' రెండో పాట. అమ్మ పోయి ఏడాదైంది, ఈ ఏడాదిలో తను చేస్తానని చేయనివి, చేయలేకపోయినవి చెప్పుకుంటాడు. వాటిలో ఒకటి: అమ్మ ఫోన్‌లో వదిలిన ఆఖరి వాయిస్ మెసేజ్ వినడానికి ధైర్యం చాలకపోవడం. ఇంకోటి నాకు భలే పట్టేసింది. కొన్ని పాటలు వస్తే వినలేక దాటేస్తానని చెప్తూ, అవేమిటో కూడా చెప్తాడు. సన్ కిల్ మూన్ వాళ్ల 'బెంజీ' ఆల్బమ్‌లో రెండో పాట, డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ వాళ్ల 'వాట్ సారా సెడ్'. ఆ 'బెంజీ'లో రెండో పాట తల్లి ప్రేమ లేకుండా బతకలేనని పాడేది. 'వాట్ సారా సెడ్' ఆస్పత్రిలో కూర్చుని ఎదురుచూడటం గురించి. పాటలే లోకంగా బతికేవాడికి పాట వినడమే కష్టమైపోయిందంటే ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. టీవీలో అమ్మ పాట రాగానే గబుక్కున చానల్ మార్చేవాళ్లు మనలో లేరూ?

'డిస్‌ప్లేస్‌మెంట్'లో దేవుడి గొడవ. అమ్మ భక్తురాలు, కొడుక్కి నమ్మకం లేదు. అంత నమ్ముకున్నదాన్ని ఎందుకిలా చేశావని అమ్మ దేవుణ్ణి నిలదీస్తాడు, జవాబు రాదు. అంతలోనే తన కారు ప్రమాదం సంగతి ఎత్తుతాడు. కారు దెబ్బతింది, తనకి గీత కూడా పడలేదు. అమ్మే కాపాడిందేమో అని ఒక్క క్షణం మెత్తబడతాడు. నమ్మనివాడు నమ్మేశాడని కథ తిప్పలేదు, నాకదే నచ్చింది. అమ్మ పోయాక అమ్మ పూజగది ఏం చేయాలో తెలియక రోజూ దీపం మాత్రం పెట్టే నాస్తికుల్ని నేనెరుగుదును. వాళ్లెవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోరు. ఈ పాటా చెప్పుకోదు.

నా ఓటు మాత్రం 'పామ్ డ్రీమ్స్'కే. 1970లలో వాళ్లమ్మ నెబ్రాస్కా నుంచి కాలిఫోర్నియాకి వచ్చేసింది. నెబ్రాస్కా అంటే అమెరికా నడిమధ్య, మొక్కజొన్న చేలూ పశువులూ ఉండే రాష్ట్రం. అక్కడి నుంచి అంత దూరం ఎందుకు వచ్చింది? సినిమాల పిచ్చా, సముద్రం మీద మోజా, ఆ తాటిచెట్ల లాంటి చెట్లు చూసి ముచ్చటపడిందా, ఇంట్లో ఏదైనా గొడవా? కొడుకు ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. పాట సారాంశమంతా అదే. సంగీతం మాత్రం హుషారుగా పరిగెడుతుంది, వింటే ఎండలో సముద్రం పక్క రోడ్డు మీద కారులో పోతున్నట్టు ఉంటుంది. ఆ హుషారు అమ్మ పడుచుదనపు హుషారు అనిపిస్తుంది నాకు. కొడుకు పుట్టకముందు ఆ అమ్మాయి ఎలా ఉండేదో వాయిద్యాలు చెప్తుంటే, కొడుకు మాత్రం నాకు తెలియదే, తెలియదే అని అరుస్తుంటాడు.

ఒక్కసారి ఆలోచించండర్రా. మీ అమ్మ చదువు ఎందుకు ఆపేసిందో మీకు తెలుసా? 'మా నాన్న మాన్పించేశాడు' అన్న ఒక్క వాక్యం కాకుండా, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో? ఎవరినైనా ఇష్టపడిందా? పెళ్లి చూపుల్లో నాన్న మొహం చూసి ఏమనుకుంది? అమ్మ చేతి గుత్తివంకాయ కూర కొలతలు ఫోన్‌లో రాసిపెట్టుకుంటాం. ఈ కొలతలు మాత్రం అడగం. అడిగితే 'ఇప్పుడవన్నీ ఎందుకే' అంటుంది నిజమే. రెండోసారి అడిగితే చెప్తుంది.

ఇంత పొగిడాను గదా, వంకలు కూడా పెడతాను. ఈ రికార్డులో బోల్మ్ మొదటిసారిగా అరుపు ఆపి అక్కడక్కడా మామూలు గొంతుతో, మంద్రంలో పాడాడు. 'బెనెడిక్షన్'లో అది బాగా వినిపిస్తుంది. కొన్నిచోట్ల ఆ గొంతు తడబడుతుంది, శ్రుతికి అంటీ అంటనట్టుంటుంది. కొందరు అభిమానులకి అది బొత్తిగా నచ్చలేదు. నాకు నచ్చింది, కానీ గొప్పగా పాడాడని అబద్ధం చెప్పను. అరిచి అరిచి అలిసిపోయినవాడు మాట్లాడే గొంతులా ఉందని సరిపెట్టుకున్నా. ఇక మధ్యలో 'పోజింగ్ హోలీ', 'సాఫ్టర్ స్పోకెన్' దగ్గర వేగమూ వరసా ఇంచుమించు ఒకలాగే అనిపిస్తాయి. ఏ పాట ఎక్కడ అయిందో తెలియదు. అక్కడ నా మనసు కాస్త పక్కకి పోతుంది.

పాత అభిమానుల గోల ఇంకోటి. 'వీళ్ల అసలు సరుకు 2011లో వచ్చిన "పార్టింగ్ ద సీ బిట్వీన్ బ్రైట్‌నెస్ అండ్ మీ" కదా, పదమూడు పాటలు ఇరవై నిమిషాల్లో కొట్టి పడేశారు, ఇదేమిటీ ఇంత నెమ్మది' అని. ఆ రికార్డు నాకూ ప్రాణమే, మెరుపులా వచ్చి పోతుంది. కానీ అది ఇరవైల్లో ఉన్న కుర్రాడి బాధ, తన చుట్టూ తను తిరిగే బాధ. 2013లో వచ్చిన 'ఈజ్ సర్వైవ్డ్ బై'లో, నేను పోయాక నా వెనక ఏం మిగులుతుంది అని పెద్ద పెద్ద ఆలోచనలు చేశాడు. మరుసటేడే అమ్మ పోయింది. ఇక ఆలోచనలకి చోటు లేదు, ఎదురుగా అమ్మ బట్టలున్నాయి, మందుల సీసాలున్నాయి. ఆ బరువుకి నిమిషంన్నర పాటలు సరిపోవు. 'ఈజ్ సర్వైవ్డ్ బై'నీ 'స్టేజ్ ఫోర్'నీ రూపొందించింది బ్రాడ్ వుడ్, 1994లో సన్నీ డే రియల్ ఎస్టేట్ వాళ్ల 'డైరీ' చేసినాయన. గొంతుని గిటార్ల కింద పూడ్చెయ్యకుండా పైకి తెచ్చి నిలబెట్టాడు, ఆ పుణ్యం ఆయనది.

తండ్రి పోయిన బాధ మీద ఇదే కోవలో పియానోస్ బికమ్ ద టీత్ అనే బాల్టిమోర్ బ్యాండ్ 2011లో 'ద ల్యాక్ లాంగ్ ఆఫ్టర్' చేసింది. అదీ గొప్పదే. తర్వాత 2014 నాటి 'కీప్ యూ'కి వచ్చేసరికి వాళ్ల గాయకుడు అరవడమే మానేశాడు. ఒక్కొక్కరి దుఃఖం ఒక్కో దారిలో పోతుంది.

చివరి పాట 'స్కైస్క్రేపర్' గురించి చెప్పకపోతే ఈ ముచ్చటకి అర్థం లేదు. న్యూయార్క్ నగరం మీద అమ్మకున్న ఇష్టం గురించిన పాట ఇది. వీడియోలో బోల్మ్ ఒక ఖాళీ చక్రాల కుర్చీని న్యూయార్క్ వీధుల్లో తోసుకుంటూ తిరుగుతాడు. జనం పక్క నుంచి పోతుంటారు, భవనాలు పైన నిలబడి ఉంటాయి, కుర్చీలో ఎవరూ ఉండరు. పాటలో మొదట అతను అరవడు, మంద్రంలో మాట్లాడినట్టు పాడతాడు. పక్కనే ఒక ఆడగొంతు కలుస్తుంది. ఆమె జూలియన్ బేకర్, టెనెసీ రాష్ట్రపు అమ్మాయి. అప్పటికి 'స్ప్రెయిన్డ్ యాంకిల్' అనే ఒకే ఒక్క ఆల్బమ్ వచ్చింది ఆమెది. తర్వాత బాయ్‌జీనియస్ అనే బ్యాండ్‌తో లోకమంతా తెలిసింది. ఆ గొంతు ముందుకు రాదు, అతని వెనకే ఉంటుంది. గిటార్లు పేరుకుంటూ పేరుకుంటూ వచ్చి ఒక్కసారిగా విరుచుకుపడతాయి, అప్పుడు అతను అరుస్తాడు, ఆమె మాత్రం ఆ హోరులో కూడా నెమ్మదిగానే పాడుతుంది.

అంతా అయ్యాక, ఇక అయిపోయిందనుకుంటుండగా ఒక పెద్దావిడ గొంతు వినిపిస్తుంది. రెండో పాటలో వినలేనన్నాడే, అదే ఆ మెసేజ్. కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు కాబోలు, మామూలుగా, రోజువారీ పని ఏదో చెప్పి పెట్టేసింది. వీడ్కోలు లేదు, ఆశీర్వాదం లేదు. సినిమా వాళ్లయితే అక్కడ కనీసం 'జాగ్రత్త నాన్నా' అనిపించి ఉండేవాళ్లు. అమ్మలు అలా మాట్లాడరని మనకి తెలుసు. గ్యాస్ వచ్చిందా, జ్వరం తగ్గిందా, ఫలానావాళ్ల పెళ్లికి వెళ్తున్నావా అంటారు. వాట్సాప్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజులు వినకుండానే 'ఓకే అమ్మా' అని బొటనవేలి బొమ్మ పెట్టేస్తాం చూడండి, వాటిలో ఉండేది కూడా ఇదే.

ఈ రికార్డు వచ్చాక కచేరీలకి వచ్చే జనం బోల్మ్‌ని పట్టుకుని తమ తమ చావుల కథలు చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ పోయినవాళ్లు, నాన్న పోయినవాళ్లు, బిడ్డలు పోయినవాళ్లు. ప్రతి ఊళ్లోనూ, ప్రతి రాత్రీ. 2020లో వచ్చిన 'లామెంట్' ఆల్బమ్‌లో 'ఐల్ బీ యువర్ హోస్ట్' అన్న పాట దీని గురించే. కాదనలేడు, మోయలేడు. ఆ పాట విన్నప్పుడు అభిమానిగా నాకు కొంచెం సిగ్గేసింది. అతను తన గాయం చూపించాడని మనందరి గాయాలకీ అతన్నే డాక్టర్ని చేసేశాం. రికార్డు వినండి, ఏడవండి, మనిషిని మాత్రం వదిలేయండి.

ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే ఇప్పుడే వినకండి, సంవత్సరీకం కానివ్వండి. మొదటిసారి వినేవాళ్లు ముందు 'పామ్ డ్రీమ్స్', తర్వాత 'స్కైస్క్రేపర్' వినండి. అవి పట్టుకుంటే మొదటి పాట 'ఫ్లవర్స్ అండ్ యూ' నుంచి వరసగా, మధ్యలో ఆపకుండా, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వాల్యూమ్ సగమే ఉంచండి, చెవులు మనవే. విన్నాక మా చెల్లెలి పక్షమో నా పక్షమో ఉత్తరం రాయండి. ఆవిడ పక్షాన రాసినా ఏమీ అనుకోను, ఒక్క షరతు, పదకొండో పాట ఆఖరిదాకా విని రాయాలి.